గుణుపురం కళా గదిలో వార్లీ బొమ్మ

ఒడిశాలోని గుణుపురంలో మేము దిగిన లాడ్జి గురించే ముందు చెప్పాలి. మామూలు గది 1,100 రూపాయలు, "కళా గది" 1,850. తేడా ఏమిటని అడిగితే, "గోడ నిండా సవర బొమ్మలుంటాయండీ, మా క్యూరేటరు గారు ఏరి పెట్టించినవి" అన్నాడు గుమాస్తా. సవరలనే ఇక్కడి ఆదివాసులు గీసే ఆ బొమ్మల కోసమే విజయనగరంలో రైలెక్కిన వాళ్లం కాబట్టి మారు మాట్లాడకుండా 1,850 కట్టాను.

గదిలో గోడకు అతికించింది అచ్చు వేసిన ప్లాస్టిక్ షీటు. కిటికీ పక్కన అంచు ఊడి వేలాడుతోంది. దాన్నైనా క్షమించేవాడినేమో గానీ, అందులో ఉన్నవి సవర బొమ్మలే కావు! వార్లీ బొమ్మలు. ఎక్కడో మహారాష్ట్రలో, పాల్ఘర్ వైపు వార్లీలనే ఆదివాసులు గీసేవి. రెండు త్రికోణాల మొనలు కలిపితే మనిషి ఒళ్లు, అది వాళ్ల పద్ధతి. సవర బొమ్మలో మనుషులు అంత కోసుగా ఉండరు. ముందు చుట్టూ చట్రం గీసి, అంచుల నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. ఆ చట్రం దేవతకో, చనిపోయిన పెద్దలకో కట్టిన ఇల్లు. సవరల గడ్డ మీద, సవర బొమ్మల పేరు చెప్పి, వార్లీ అచ్చుకు నా దగ్గర 750 రూపాయలు ఎక్కువ తీసుకున్నారు. స్నానాల గదిలో వేడినీళ్లు కూడా రాలేదు. నా భార్య ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు.

పొద్దున్నే కింది అంతస్తులో ఆ లాడ్జివాళ్లదే ప్రదర్శన. టికెట్టు 100, ఫోనుతో ఫోటోలు తీస్తే మరో 50. ఇక్కడివి అసలైన సవర బొమ్మలే, గుడ్డ మీద గీయించినవి. ఎర్రమట్టి రంగు మీద తెల్లటి గీతలు చక్కగా ఉన్నాయి. కానీ ప్రతి బొమ్మ కిందా ఇంగ్లీషులో, ఒడియాలో ఒకటే మాట: గిరిజన ఉత్సవం. గీసినవారి పేరు లేదు. పక్కనే పెట్టిన తెరను వేలితో తాకితే బొమ్మలో మనుషులు డప్పు మోతకు గెంతుతారు. మా బావమరిది కంప్యూటర్ ఉద్యోగి, అలాంటివంటే ప్రాణం. వాడు కూడా రెండుసార్లు తాకి, "ఇదేమిటి బావా, అన్నిటికీ ఒకే నాట్యం" అని చెయ్యి తీసేశాడు.

అక్కడ నేల తుడుస్తున్న సవర కుర్రాడు మా మాటలు విన్నాడు. తెలుగు బాగా వచ్చు. దగ్గరికి వచ్చి, "ఇది ఉత్సవం కాదయ్యా. జబ్బు చేస్తే గీసే బొమ్మ. చనిపోయిన ఏ పెద్దాయన ఆకలితో ఉన్నాడో కుడాన్ చెబుతాడు. ఆయన కోసం గీస్తారు" అన్నాడు. కుడాన్ అంటే పూజారి. అయిదు నిమిషాల్లో ఆ కుర్రాడు చెప్పినదాంట్లో సగం కూడా ఆ తెరలో లేదు. క్యూరేటర్ అన్న మాటకు లాటిన్‌లో మూలం సంరక్షణ. బొమ్మలను సంరక్షించడమంటే దుమ్ము దులపడం ఒక్కటే కాదు, ఎవరి కోసం గీశారో ఆ సంగతి పోకుండా చూడటం కూడా. ఆ పని తెలిసిన మనిషి చేతికి వాళ్లు చీపురు ఇచ్చారు.

కావాలంటే ఎలా చేయవచ్చో మన దేశంలోనే చూశాం. 1982లో భోపాల్‌లో భారత్ భవన్ అనే కళాకేంద్రం తెరిచినప్పుడు చిత్రకారుడు జె. స్వామినాథన్ ఆదివాసుల బొమ్మలను నగర చిత్రకారుల బొమ్మలతో ఒకే కప్పు కిందికి తెచ్చారు. ఊళ్లకు మనుషులను పంపి, గీసేవాళ్లను వెతికించారు. జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే గోండు యువకుడి పేరు ప్రపంచానికి తెలిసింది అలాగే. ఇక్కడ, సవరల్లో ఒక శాఖ అయిన లాంజియా సవరల చిత్రానికి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, సంతోషమే. అయితే ఆ గుర్తింపు బొమ్మ పుట్టిన చోటును చెబుతుంది గానీ, ఎవరి కోసం గీశారో చెప్పదు.

ఆ ప్రదర్శనలో భాష సంగతి మరీ బాధ, ఇంగ్లీషు, ఒడియా తప్ప సవర లేదు. ముందు రోజు పర్లాకిమిడిలో మా మేనత్త ఇంట్లో హాయిగా గడిచింది. గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నది ఆ ఊళ్లోనే. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. సవర భాషకు మంగేయి గొమాంగో అనే ఆయన 1936లో సొంత లిపే తయారు చేశారు. అది 2012లో, కంప్యూటర్లలో, ఫోన్లలో అక్షరాలు చూపే పద్ధతి అయిన యూనికోడ్‌లోనూ చేరింది. అంటే ఆ తాకే తెర మీద సవర అక్షరాలు చూపించడానికి అడ్డేమీ లేదు. ఆ కుర్రాడి గొంతు రికార్డు చేసి వినిపించినా చాలు, డప్పు మోత కన్నా ఖర్చు తక్కువ.

మధ్యాహ్నం ఆ కుర్రాడి మాట పట్టుకుని పుట్టాసింగి వైపు ఒక పల్లెకు వెళ్లాం. జీపు రానూపోనూ 2,200, బేరం ఆడితే 2,000కి వస్తారు. దారి బాగా లేదు, నడుము నొప్పి ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి. పల్లెలో చాలా ఇళ్లు క్రైస్తవం తీసుకున్నాయి, వాళ్ల గోడల మీద బొమ్మలు లేవు. ఒక్క ముసలాయన ఇంట్లో ఉంది. అడిగాకే లోపలికి రమ్మన్నారు. రాగి అంబలి, కాల్చిన మిరపకాయ పెట్టారు, డబ్బు తీసుకోలేదు. ముందు రాత్రి నుంచి ముఖం ముడుచుకున్న నా భార్య రెండో గిన్నె అడిగి తాగింది.

చీకటి గోడ మీద బియ్యపు పిండితో, వెదురు పుల్లతో గీసిన ఇల్లు. లోపల ఏనుగులు, చెట్లు, సైకిలు మీద మనుషులు, పైన ఒక విమానం. విమానం ఎందుకని అడిగితే, "పెద్దవాళ్లు ఎంత దూరమని నడుస్తారు?" అన్నాడు ముసలాయన. ఒక మూల చిన్న మనిషి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఉన్నాడు, అది ఫోను. మనవడు సూరత్‌లో పనిచేస్తున్నాడట, పెద్దలకు ఆ సంగతి తెలియాలి కదా అన్నాడు. ఆ గోడను మాత్రం ఫోటో తీయవద్దన్నారు. మా బావమరిది ఫోను జేబులో పెట్టేశాడు.

అమ్మడానికి కాగితం మీద గీస్తాడు, 1,200 రూపాయలు. ఇవి పూజ బొమ్మలు కావని ముందే చెప్పాడు. అయినా పుల్ల ముంచే ముందు, "ఎవరి కోసమమ్మా?" అని అడిగాడు.

"మా నాన్న కోసం తాతా" అంది నా భార్య. మా మామగారు పోయి ఏడు నెలలైంది. ముప్ఫై ఏళ్లు రైల్వేలో, రైళ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేశారు. ఆ మాట చెప్పగానే ముసలాయన చట్రం కింద అంచున పట్టాలు గీసి, వాటి మీద రైలు పెట్టాడు. రైలు ముందు జెండా పట్టుకున్న మనిషి.

తిరుగు రైల్లో మా బావమరిది ఆ కాగితం వెనుక పెన్సిలుతో గీసినవాడి పేరు, ఊరు, తేదీ రాశాడు. కింద వాళ్ల నాన్న పేరు రాసి అక్కకు చూపించాడు. ఆవిడ ఇంటిపేరు కూడా రాయించింది.