లోక్ అదాలతా, ఉచిత లాయరా?

అప్పు గొడవ, అద్దె గొడవ, అన్నదమ్ముల భూమి తగాదా, ఏదైనా సరే, లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేనివాళ్లకు చిత్తూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో రెండు దారులున్నాయి.

ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌లో ఫీజు లేదు. కోర్టులో నడుస్తున్న కేసు అక్కడ రాజీ అయితే ముందు కట్టిన కోర్టు ఫీజూ వెనక్కి వస్తుంది. కానీ ఆ రాజీపై ఇచ్చే తీర్పు (అవార్డు) మీద అప్పీలు ఉండదు. అందుకే ఎవరు తొందరపెట్టినా వెంటనే సంతకం పెట్టకండి, అర్థమయ్యేదాకా చదివించుకోండి. ఎదుటివాళ్లు మొండికేస్తే మాత్రం అక్కడ పని జరగదు.

అప్పుడు ఉచిత లాయర్‌ను అడగాలి. ఆలస్యమవుతుంది, నిజమే. అయినా తీర్పు నచ్చకపోతే పైకోర్టు ఉంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఉచిత లాయర్ కోసం ఆదాయంతో పనిలేదు. ఇంట్లోంచి గెంటేసిన ఆడమనిషినైతే నేను నేరుగా లాయర్‌నే అడగమంటాను. న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.