తేనెమైనమా, ఎమల్సిఫైయింగ్ వ్యాక్సా: ఇంట్లో క్రీమ్‌కి ఏది?

పని: నూనె, నీళ్లు విడిపోకుండా కలిపి ఉంచేది ఎమల్సిఫైయర్. ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్‌లో (కింద వ్యాక్స్ అన్నది దీన్నే) అది ఉంటుంది. దాని అణువు ఒక కొస నీటిని, మరో కొస నూనెను పట్టుకుంటుంది. అందుకే నూనె బొట్లు మళ్లీ ఒకచోట చేరవు. తేనెమైనం ఒక్కటే ఆ పని సరిగ్గా చేయలేదు. మొదటిసారి నేను దాంతోనే నూనెలో రోజ్‌వాటర్ కలిపాను. తెల్లగా, వెన్నలా వచ్చింది. తెల్లారేసరికి సీసా అడుగున నీళ్లు!

శ్రమ: మైనం ఒక వంతు, నువ్వుల నూనె నాలుగు వంతులు, వేడినీళ్ల గిన్నెలో కరిగిస్తే బామ్ రెడీ. వ్యాక్స్‌కైతే నూనె, నీళ్లు రెండూ 70 డిగ్రీలకు రావాలి, చల్లారేదాకా కలుపుతూనే ఉండాలి.

ఖర్చు: వ్యాక్స్ 100 గ్రాముల క్రీమ్‌కి 5 గ్రాములు చాలు. కానీ ప్రిజర్వేటివ్ కూడా కొనాలి.

రిస్క్: నీళ్లున్న క్రీమ్‌లో ప్రిజర్వేటివ్ లేకపోతే బాక్టీరియా, బూజు చేరతాయి. దయచేసి ప్రిజర్వేటివ్ వేయడం మానేయకండి. ఇంకో సంగతి, ఒకే పేరుతో రెండు రకాల వ్యాక్స్ దొరుకుతుంది. బ్రిటిష్ ప్రమాణం రకంలో సోడియం లారిల్ సల్ఫేట్ (షాంపూల్లో నురగ తెప్పించే రసాయనం) ఉంటుంది, అమెరికన్ రకంలో పాలిసార్బేట్ అనే వేరే ఎమల్సిఫైయర్. ఆ సల్ఫేట్ ఉండే ఆక్వియస్ క్రీమ్ (పొడి చర్మానికి వాడే నీళ్లు కలిసిన క్రీమ్) వల్ల, ముఖ్యంగా ఎగ్జిమా ఉన్న పిల్లలకు, చర్మం మండవచ్చని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2013లో హెచ్చరించింది. లేబుల్ చదివాకే కొనండి.

పగిలిన మడమలకు, చలికాలం పెదవులకు తేనెమైనం. ఉక్కపోతలో జిడ్డు లేకుండా ఒళ్లంతా రాసుకోవాలంటే పాలిసార్బేట్ వ్యాక్స్. పిల్లలకు ఎగ్జిమా ఉంటే ఇంట్లో ఏదీ చేయకండి, డాక్టర్ చెప్పిందే వాడండి.