లండన్‌లో పాత సముద్ర పటాల వేట: సంతలో పోయిన 180 పౌండ్లు

మాది కాకినాడ. కోరంగి రేవు పేరున్న పాత సముద్ర పటం ఒకటైనా ఇంట్లో ఉండాలని ఎన్నాళ్లుగానో కోరిక. మా అబ్బాయి దగ్గరికి లండన్ వెళ్లినప్పుడు ఆ పని మీదే తిరిగాను. టవర్, మ్యూజియంలు, థేమ్స్‌లో పడవ షికారు అన్నీ హాయిగా జరిగాయి. నాకు కడుపు మండింది ఒక్క సంత దగ్గరే.

పడమటి లండన్‌లో శనివారం సంత అది. ఒకాయన బల్ల మీద ‘బంగాళాఖాతం, 1790’ అని చీటీ అంటించిన పెద్ద చార్టు కనిపించింది. టీ రంగు కాగితం, చిరిగిన అంచులు. 220 పౌండ్లు చెప్పి 180కి దిగాడు. మా ఆవిడ మోచెయ్యి లాగుతూ “తెలిసినవాళ్లకి చూపించి కొనండి” అంటూనే ఉంది. కోరంగి అన్న అక్షరాలు కనపడ్డాక నాకింకేం వినపడలేదు. రశీదులో ‘పాత మ్యాప్’ అని రెండే మాటలు రాశాడు. నేను పట్టించుకోలేదు.

సోమవారం సెసిల్ కోర్ట్‌కి వెళ్లాం. చేరింగ్ క్రాస్ రోడ్డు పక్కన పాత పుస్తకాల, పటాల దుకాణాలుండే సందు అది. ఒక దుకాణంలో పెద్దాయన నా చార్టు విప్పి, భూతద్దం నా చేతికే ఇచ్చారు. గీతలన్నీ రంగు చుక్కలు! ఈమధ్య వేసిన ఆఫ్‌సెట్ ప్రింటు. తర్వాత తన దగ్గరున్న అసలు చార్టు తెచ్చి పక్కన పెట్టారు. ఆ రోజుల్లో రాగి పలక మీద గీతలు చెక్కి, వాటిలో సిరా నింపి, తడి కాగితం వేసి ప్రెస్సులో గట్టిగా నొక్కేవారట. అందుకే బొమ్మ చుట్టూ పలక అంచు లోపలికి దిగిన గుర్తు ఉంటుంది. వేలితో తడిమితే తగిలింది. సిరా గీతలు కాస్త ఉబ్బెత్తుగా ఉన్నాయి. నాది ఎంత తడిమినా నున్నగానే ఉంది. ఆయన పైసా తీసుకోకుండా అరగంట ఓపిగ్గా చెప్పారు. బస్సులో ఇంటిదాకా మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు.

మళ్లీ శనివారం సంతకెళ్లి నిలదీస్తే, “ఒరిజినల్ అని నేనన్నానా?” అని ఎదురడిగాడు. రశీదులో ఆ మాట లేదు. 180 పౌండ్లూ పోయినట్టే.

చూడటానికైతే బ్రిటిష్ లైబ్రరీని మించింది లేదు. లోపల కూర్చుని చూడటానికిచ్చే రీడర్ పాస్ ఉచితం, గుర్తింపు కార్డు, చిరునామా రుజువు తీసుకెళ్లాలి. లోపల పెన్ను పనికిరాదు, పెన్సిలే. అలెగ్జాండర్ డాల్రింపుల్ 1779లో ఈస్టిండియా కంపెనీకి, 1795లో బ్రిటిష్ నౌకాదళానికి హైడ్రోగ్రాఫర్, అంటే సముద్ర పటాలు చూసుకునే అధికారి అయ్యాడు. ఆయన అచ్చు వేయించిన చార్టులు బల్ల మీద పరుచుకుని చూశాను. నీళ్ల మీదంతా చిన్న చిన్న అంకెలు, ఫాథమ్‌లలో లోతు. ఫాథమ్ అంటే ఆరడుగులు, మన జాలర్లు చెప్పే బార లాంటిదే. సీసపు గుండుకి కొవ్వు పూసి తాడుతో దించి, లోతు కొలిచి, అడుగునుంచి అంటుకొచ్చింది ఇసుకో బురదో చూసి రాసుకునేవారు. మన తీరంలో సర్వే చేసిన మైకేల్ టోపింగ్ 1796లో మచిలీపట్నంలోనే కన్నుమూశాడు. ఒక్కో అంకె వెనక ఎంత ఎండ, ఎంత ఉప్పుగాలి ఉందో అనిపించి కాసేపు కదల్లేకపోయాను.

తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు మళ్లీ సెసిల్ కోర్ట్ వెళ్లాం. ఫ్రెంచి నౌకాదళానికి పటాలు వేసిన బెల్లిన్ చేసిన చిన్న కోరమాండల్ తీర పటం, 95 పౌండ్లు. కోరంగి లేదు, మచిలీపట్నం ఉంది. ఈసారి మా ఆవిడే ముందు అంచు తడిమి, “తగులుతోందండీ, తీసుకోండి” అంది. అట్ట గొట్టానికి ఇంకో 6 పౌండ్లు. బిల్లు మీద పటం చేసినవాడి పేరు, కాలం, ఒరిజినల్ అన్న మాట మూడూ రాయించుకున్నాను. అవి రాయననేవాడి దగ్గర మీరెవరూ కొనకండి.