సమ్మెట దెబ్బల వెండి కోసం: స్టాక్‌హోం, సిగ్తూనా, విస్బీ

స్వీడన్‌లో పాత వెండి నాణేలంటే అందరూ ముందు చెప్పేది స్టాక్‌హోంలోని ఎకానమీ మ్యూజియం. రాయల్ కాయిన్ క్యాబినెట్ సేకరణ ఇప్పుడు అక్కడే, హిస్టరీ మ్యూజియం భవనంలో ఉంది. వెయ్యేళ్ళ నాణేల వరుస ఒక్కచోటే తెలుస్తుంది. 12వ శతాబ్దం చివర రాజు క్నుట్ ఎరిక్సన్ కాలంలో ఒకవైపే కొట్టిన పల్చటి రేకు నాణేలున్నాయి చూడండి, ముందు ఉబ్బిన బొమ్మే వెనక గుంటగా కనబడుతుంది. ఊపిరి తగిలితే ఎగిరిపోతాయేమో అనిపిస్తుంది! పక్కనే గోల్డ్ రూమ్ కూడా ఉంది కాబట్టి సగం రోజు పెట్టుకోండి.

కానీ నా ఓటు సిగ్తూనాకే. స్టాక్‌హోం నుంచి లోకల్ రైల్లో మేర్స్టా దాకా వెళ్ళి బస్సెక్కితే చాలు. 995 ప్రాంతంలో రాజు ఓలోఫ్ షోట్‌కొనుంగ్ స్వీడన్‌లో మొదటి నాణేలు కొట్టించిన ఊరది. నమూనా ఇంగ్లండ్ రాజు ఎథెల్రెడ్ పెన్నీ. వాటి మీద కనబడే టంకశాల పనివాడి పేరు గాడ్విన్ కూడా ఇంగ్లీషుదే. కింది అచ్చును దిమ్మలో బిగించి, దాని మీద వెండి బిళ్ళ పెట్టి, పై అచ్చు పట్టుకుని సమ్మెటతో కొట్టేవారు. అందుకే బొమ్మ ఓ పక్కకి జరుగుతుంది, అంచు సమంగా రాదు. వెనకవైపు శిలువ గీత వెంట కోస్తే అర, పావు ముక్కలయ్యేవి. అచ్చు సరిగా పడుతుందో లేదో చూడ్డానికి కొట్టిన సీసపు ముక్కలు కూడా ఇక్కడి తవ్వకాల్లో బయటపడ్డాయి. 1030ల్లో ఆ టంకశాల ఆగిపోయాక వందేళ్ళకు పైగా దేశంలో నాణెమే కొట్టలేదు. సిగ్తూనా మ్యూజియం చిన్నదే, గంట చాలు. ఊళ్ళో రూనిక్ రాళ్ళు (పాత రూన్ లిపి చెక్కినవి), పాడుబడ్డ రాతి చర్చిలు చూస్తూ తిరిగితే రోజు గడిచిపోతుంది. రాత్రి బస అక్కర్లేదు.

గోట్లాండ్ దీవిలోని విస్బీకి మాత్రం కనీసం ఒక రాత్రి కావాలి. నీనెస్‌హామ్న్ రేవు నుంచి ఫెర్రీలో మూడు గంటల పైమాటే, ప్రయాణం హాయిగా ఉంది. 1999లో దొరికిన స్పిల్లింగ్స్ నిధి గోట్లాండ్ మ్యూజియంలో ఉంది, 67 కిలోల వెండి! అందులో 14 వేలకు పైగా నాణేలు, ఎక్కువ దిర్హాములనే అరబ్బు వెండి నాణేలే. మధ్యయుగపు విస్బీ వెండి నాణెం ఓర్టుగ్ మీద జెండా మోస్తున్న గొర్రెపిల్ల ఉంటుంది, దాన్ని వదలొద్దు.

విస్బీ కోటగోడ లోపల బస అందంగా ఉంటుంది కానీ, నేను దిగిన చోట లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు. పెద్దవాళ్ళతో వెళ్తే గోడ బయట తీసుకోండి. ఆగస్టులో మధ్యయుగ వారోత్సవానికి గదులు దొరకవు. ఎక్కడికెళ్ళినా బ్యాంకు కార్డు ఉంటే చాలు. చలికాలంలో మ్యూజియం వేళలు తగ్గుతాయి, ముందే చూసుకుని బయల్దేరండి.