18 వేల పీహెచ్‌డీ ప్యాకేజీ: ఒక్క గంట కోసం రెండు స్టార్లు

పదేళ్లుగా నా పని క్లినికల్ ట్రయల్స్ కాగితాలు తెలుగులోకి తేవడం. కొత్త మందు పరీక్షలో చేరేవాళ్లు సంతకం పెట్టే సమ్మతి పత్రాలన్నమాట. మన దేశంలో 2019 నాటి నియమాల ప్రకారం ఆ పత్రం వాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులోనైతే ఉంటోంది, అర్థమవుతోందా అన్నది నా అనుమానం. దాని మీదే పీహెచ్‌డీ చేద్దామనుకున్నాను. ఎమ్మే లింగ్విస్టిక్స్ చేసి చాలా కాలమైంది, ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. పోయినేడు జులైలో ఆన్‌లైన్‌లో ఒక కన్సల్టెన్సీ ప్యాకేజీ కొన్నాను. ప్రపోజల్ నుంచి అడ్మిషన్ దాకా అన్నీ వాళ్లే చూసుకుంటారు, 18 వేలు. పేరు రాయను. ఇలాంటివి ఇప్పుడు వీధికొకటి ఉన్నాయి కాబట్టి ఎవరి దగ్గరికి వెళ్లినా ఇది పనికొస్తుంది.

ముందు ఫోన్‌లో మాట్లాడిన కౌన్సెలర్ గురించి చెప్పాలి. పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెట్ పరీక్షతో వచ్చే ప్రభుత్వ ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్. నా వయసు 33 అనగానే, "జేఆర్‌ఎఫ్‌కి 30 దాటకూడదు మేడం, మీకు ఇండియాలో ఫండింగ్ కష్టం, ఫారిన్ చూద్దాం" అన్నాడు. నమ్మేశాను. రెండు నెలల తర్వాత ఊరికే యూజీసీ నెట్ పరీక్ష బులెటిన్ తెరిచి చూస్తే, ఆడవాళ్లకు ఐదేళ్ల సడలింపు ఉంది. బీసీ నాన్ క్రీమీలేయర్, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు కూడా ఉంది. జేఆర్‌ఎఫ్ అంటే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆ తర్వాత 42 వేలు, హాస్టల్ ఇవ్వకపోతే ఇంటద్దె అలవెన్సు పైన. ఒక్క తప్పు మాటతో అంత డబ్బు నాది కాదనుకుని వదిలేసేదాన్ని. అనువాదానికి నెట్‌లో విడిగా పేపర్ లేదని, లింగ్విస్టిక్సో కంపారేటివ్ లిటరేచరో తెలుగో మన ఎమ్మేని బట్టి రాయాలని కూడా నేనే చదివి తెలుసుకున్నాను.

తర్వాత ఎక్సెల్ షీటు పంపారు. 42 యూనివర్సిటీలు. అనువాదంలోనే పీహెచ్‌డీ ఇచ్చే అమెరికాలోని కెంట్ స్టేట్ అందులో ఉంది, అంతవరకు మెచ్చుకోవాలి. మిగతావి మాత్రం భాషల డిపార్టుమెంటు కనిపిస్తే చాలు ఎక్కించేసినట్టున్నాయి. నార్వే వరసలో "సెప్టెంబర్ ఇన్‌టేక్" అని రాశారు. అక్కడ పీహెచ్‌డీ అంటే చాలావరకు జీతమిచ్చే ఉద్యోగం, ఖాళీ ప్రకటన పడితే అప్పుడు అప్లై చేయాలి. బ్రిటన్ వరసలన్నిటి పక్కనా "ఫుల్లీ ఫండెడ్" అని పచ్చరంగు. నిజానికి అక్కడ సీటు వేరు, డబ్బు వేరు. సీటు లెటర్ వచ్చాక కూడా ఫీజుకు స్కాలర్‌షిప్ విడిగా గెలుచుకోవాల్సి రావచ్చు. అన్నిటికన్నా నవ్వొచ్చింది ఏంటంటే, నేను ఉండేది హైదరాబాద్. హైదరాబాద్ యూనివర్సిటీలో అనువాద అధ్యయనాల కేంద్రం ఉంది, తార్నాక దగ్గర భాషల యూనివర్సిటీ ఇఫ్లూ ఉంది. 42 వరసల్లో రెండూ లేవు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు.

ప్రపోజల్ డ్రాఫ్టు పది పేజీలొచ్చింది. ఎనిమిది పేజీలు అనువాద సిద్ధాంతాల చరిత్ర, నా పత్రాల గురించి పేజీన్నర. ఏడో పేజీలో "తమిళ పాఠకుల దృష్ట్యా" అని ఉంది. ఎవరిదో తమిళ ప్రపోజల్‌లో తమిళం తీసి తెలుగు పెడుతూ ఒకచోట మర్చిపోయారు. అడిగితే "టైపో మేడం" అన్నారు. నా పేరు మీద ప్రొఫెసర్లకు పంపిన మెయిళ్లు కూడా అలాంటివే. అందరికీ ఒకటే మెయిల్, అందులో ఒక మేడమ్‌ని "డియర్ సర్" అన్నారు. ఆవిడ జవాబివ్వలేదు. నేనైనా ఇవ్వను.

ఇక రెండు స్టార్లు దేనికంటే, ప్యాకేజీలో చివర ఒక మాక్ ఇంటర్వ్యూ ఉంది. రిటైరైన ప్రొఫెసర్ ఒకాయన చేశారు. నా ప్రపోజల్ పక్కన పెట్టేసి, "రాండమైజేషన్‌ని మీరేమని రాస్తారు?" అన్నారు. ట్రయల్‌లో ఎవరికి కొత్త మందు వస్తుందో ఎవరూ ఎంచకుండా తేల్చే పద్ధతి అది.

"యాదృచ్ఛిక కేటాయింపు అని, సార్."

"పేషెంటుకి అర్థమవుతుందా?"

"కాదు సార్. అందుకే కొందరు లాటరీ తీసినట్టు అని రాస్తారు."

"లాటరీ అంటే తగిలేది కదమ్మా. కొత్త మందు వచ్చినవాడికి తగిలినట్టు, రానివాడికి పోయినట్టేనా? ఆ మందు పనిచేస్తుందో లేదో తెలియకేగా పరీక్ష పెట్టింది?"

నాకు మాట రాలేదు. లాటరీ అన్న మాట నేనూ ఎన్నిసార్లు వాడానో. బ్యాక్ ట్రాన్స్‌లేషన్‌లో కూడా అది దొరకదు, ఎందుకంటే ఇంగ్లిష్‌లోకి తిప్పి రాసేవాళ్లు దాన్ని మళ్లీ రాండమ్ అనే రాసేస్తారు. ఆయన అక్కడితో ఆగలేదు. "ఈ పత్రాలు మీవి కాదు, కంపెనీలవి. గోప్యత ఒప్పందాల మీద సంతకం పెట్టి ఉంటారు. మరి డేటా ఎక్కడిది? ఏ ఎథిక్స్ కమిటీ అనుమతి అడుగుతారు?" అన్నారు. ఈ ప్రశ్న ఆ పది పేజీల్లో ఎక్కడా లేదు. ఆ రాత్రే కూర్చుని నాలుగు పేజీల్లో కొత్తది రాసుకున్నాను. పాత పత్రాలు వదిలేసి, అనుమతితో కొత్త వాక్యాలు నేనే తయారుచేసి, చదివేవాళ్లు వాటిని ఏమని అర్థం చేసుకుంటున్నారో అడిగేట్టు మార్చాను.

డిసెంబర్ నెట్ రాశాను. జేఆర్‌ఎఫ్ కొద్దిలో పోయింది, పీహెచ్‌డీకి అర్హత వచ్చింది. అలాంటివాళ్లకు అడ్మిషన్‌లో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం. ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది, అందుకని కొంచెం టెన్షన్ పడ్డాను. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న డేటా గురించే. ఒక కేంద్రీయ యూనివర్సిటీలో సీటొచ్చింది. జేఆర్‌ఎఫ్ రానివాళ్లకిచ్చే నాన్-నెట్ ఫెలోషిప్, నెలకు 8 వేలు. హైదరాబాద్‌లో 8 వేలంటే ఏమిటో చెప్పక్కర్లేదు. 35 నిండేలోపు జేఆర్‌ఎఫ్ మళ్లీ రాస్తాను, చేరాక వచ్చినా మార్చుకోవచ్చు.

ఆ గంటను విడిగా అమ్మితే మూడు వేలైనా ఇచ్చి మళ్లీ కొంటాను. అమ్మరట, అడిగాను. మిగతా 15 వేలలో సగమైనా వెనక్కివ్వమని రెండుసార్లు రాశాను. పోయినవారం జవాబొచ్చింది. థీసిస్ రైటింగ్ ప్యాకేజీ మీద 20 శాతం డిస్కౌంటు ఇస్తారట. పైన సంబోధన "డియర్ సర్".