ఏడేళ్ల ఫిఫ్త్ వీల్: సాఫీగా వచ్చే బండిని ఎందుకు అనుమానించాలి

పికప్ ట్రక్కు తొట్టిలో తగిలించి లాగే ఇల్లులాంటి బండిని ఫిఫ్త్ వీల్ అంటారు. అలాంటి ముప్పై నాలుగు అడుగుల ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించుకుని తిరగడం మొదలుపెట్టి ఏడేళ్లు నిండాయి. ఈ ఏడేళ్లలో దాదాపు 46,000 మైళ్లు లాగాను, ఏడాదికి నాలుగైదు నెలలు అందులోనే కాపురం ఉన్నాము. కొన్న కొత్తలో ఈ సమీక్ష రాసి ఉంటే మొదటి నుంచి చివరిదాకా పొగడ్తలే ఉండేవి. వెనక అంత బండి ఉందన్న సంగతే మరచిపోయేంత సాఫీగా రావడం దీని అతి పెద్ద సుగుణం. అయితే దీని అతి పెద్ద దోషం కూడా అదేనని తెలియడానికి నాకు కొన్నేళ్లు, కొంత డబ్బు పట్టాయి. బరువు మించినా, బేరింగు వేడెక్కినా, ఒక పక్క బ్రేకు పట్టకపోయినా స్టీరింగు ముందు కూర్చున్న మనిషికి ఈ బండి ఏమీ చెప్పదు. మనమే దిగి, వంగి, చేత్తో తాకి తెలుసుకోవాలి.

సాఫీగా రావడానికి కారణం దాని తగులుకునే పద్ధతిలోనే ఉంది. మామూలు ట్రైలర్ బంపర్ కింది బంతికి తగులుకుంటుంది కాబట్టి ట్రక్కు వెనక ఇరుసుకు కొన్ని అడుగుల దూరంలో నుంచి దాన్ని అటూ ఇటూ నెడుతూ ఉంటుంది. ఫిఫ్త్ వీల్‌లో ట్రైలర్ ముక్కు కింద ఉండే రెండు అంగుళాల మందం ఉన్న ఉక్కు కింగ్‌పిన్ (పిన్ను) ట్రక్కు తొట్టిలో బిగించిన హిచ్ అనే పట్టు దవడల మధ్య, వెనక ఇరుసుకు సరిగ్గా మీదనో కొద్దిగా ముందుకో కూర్చుంటుంది. అందువల్ల పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినా తోక ఊగదు. ఐదో చక్రం అన్న పేరు గుర్రబ్బండ్ల కాలం నాటిది. ముందు ఇరుసు మలుపు తిరగడానికి వీలుగా బండి కింద అడ్డంగా పడుకోబెట్టిన చక్రాన్ని అలా పిలిచేవారు, పేరు మాత్రం హిచ్‌కు మిగిలిపోయింది.

బరువు సంగతి ముందు చెబుతాను, నేను మొదట తప్పింది అక్కడే. అప్పట్లో నా దగ్గర ముప్పావు టన్ను తరగతి ట్రక్కు ఉండేది (అది తరగతి పేరు మాత్రమే, మోసే బరువు కాదు). అది లాగగల బరువు 14,000 పౌండ్లకు పైనే ఉందని, ట్రైలర్ ఖాళీ బరువు అంతకంటే చాలా తక్కువని కాగితాలు చూపించి అమ్మకందారు నన్ను నిశ్చింతగా ఉండమన్నాడు. ఆయన చెప్పిన రెండు అంకెలూ అబద్ధాలు కావు, కాకపోతే నేను అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఫిఫ్త్ వీల్ విషయంలో ముందుగా హద్దు దాటేది ట్రక్కు లాగే బలం కాదు, మోసే బలం. ట్రైలర్ మొత్తం బరువులో 15 నుంచి 25 శాతం దాకా పిన్ను మీదుగా ట్రక్కు మీదికి దిగుతుంది. మనుషులూ సామానూ కలిపి ఎంతకు మించకూడదో డ్రైవరు తలుపు తీయగానే కనిపించే స్టిక్కరు మీద అచ్చు వేసి ఉంటుంది, పిన్ను బరువు కూడా ఆ సామానులోకే వస్తుంది. నా ట్రక్కుకు ఆ అంకె 2,350 పౌండ్లు. కంపెనీ కరపత్రంలో పిన్ను బరువు 1,950 అని ఉండటంతో ఇంకా 400 మిగులు ఉందనుకున్నాను. హిచ్ బరువు 150, మా దంపతుల బరువు 320 కలిపితే ఆ మిగులు అక్కడికక్కడే కరిగిపోతుందని లెక్క వేసుకోలేదు.

నాలుగు నెలల తరువాత లారీలు తూచే వేబ్రిడ్జి మీదికి తీసుకువెళ్లాను. ట్రైలర్‌తో కలిపి ఒకసారి, దాన్ని విప్పి ట్రక్కును ఒంటరిగా మరొకసారి తూచాలి. ఒంటరిగా, మేమిద్దరం కూర్చుని ఉండగా, ట్రక్కు 8,120 పౌండ్లు తూగింది. ట్రైలర్ తగిలించినప్పుడు ట్రక్కు రెండు ఇరుసుల మీద కలిపి 10,720 ఉంది. తేడా 2,600 పౌండ్లు, అంటే సామానంతా సర్దుకున్నాక నిజమైన పిన్ను బరువు అది. ట్రక్కు మొత్తం పరిమితి 10,000 కాబట్టి 720 పౌండ్లు ఎక్కువ మోపి నాలుగు నెలలు కొండలూ లోయలూ తిరిగామన్నమాట. ఆ నాలుగు నెలల్లో ట్రక్కు ఒక్కసారి కూడా ఇబ్బంది పడినట్టు అనిపించలేదు, వెనక భాగం కొంచెం దిగినట్టు కనిపించడం తప్ప. ఆ ఏడాదే ఒక టన్ను తరగతి ట్రక్కుకు మారాను. ట్రైలర్ ముందు కొని తరువాత ట్రక్కు సంగతి చూసుకోవడం మా ఇంట్లో జరిగిన ఖరీదైన తలకిందుల పని. కరపత్రంలోని ఖాళీ బరువును నమ్మకుండా, ట్రైలర్ గరిష్ఠ బరువులో ఐదో వంతుకు తక్కువ కాకుండా పిన్ను బరువు ఉంటుందనుకుని ట్రక్కు ఎంచుకుంటే ఈ బాధ ఉండదు.

తగిలించడంలో నేను పాటించే క్రమం ఏడేళ్లలో మారలేదు, ఒక్క చేర్పు తప్ప. ట్రైలర్ చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు వేస్తాను. పిన్ను పెట్టె కింది పలక హిచ్ పలక కంటే ఒక అరంగుళం కిందికి ఉండేలా, ట్రైలర్ ముక్కును నిలబెట్టే ముందు కాళ్లను సర్దుతాను. అప్పుడు ట్రక్కు వెనక్కి వస్తూ ట్రైలర్ ముక్కును కొద్దిగా ఎత్తుతుంది, పలకలు రెండూ ఒరుసుకుంటూ కూర్చుంటాయి. ముక్కు ఎక్కువ ఎత్తులో ఉంటే పిన్ను దవడలలోకి పూర్తిగా దిగకుండా దాని అంచు మీదే నిలబడుతుంది, అయినా క్లిక్కుమన్న చప్పుడు వినిపిస్తుంది. రెండో ఏడాది ఒక సాయంత్రం చినుకులు పడుతుండగా తొందరలో ఆ చప్పుడు విని, పని అయిపోయిందనుకుని తొట్టి వెనక తలుపు మూయబోయాను. ఎందుకో టార్చి వేసి చూస్తే రెండు పలకల మధ్య నా చూపుడు వేలు పట్టేంత సందు ఉంది. అలాగే బయలుదేరి ఉంటే మొదటి గతుకులోనే ట్రైలర్ ముక్కు తొట్టి అంచుల మీద పడి ఉండేది. అప్పటి నుంచి చేసిన చేర్పు ఏమిటంటే, టార్చి వేసి దవడలు పిన్ను చుట్టూ మూసుకున్నాయో లేదో కళ్లారా చూడనిదే కాళ్లు ఎత్తను. ఆ తరువాత కాళ్లు నేల మీదనుంచి కొద్దిగా మాత్రమే ఎత్తి, దిమ్మలు అలాగే ఉంచి, ట్రైలర్ బ్రేకును చేతి మీటతో నొక్కి పట్టి ట్రక్కును మెల్లగా ముందుకు లాగి చూస్తాను. ఫిఫ్త్ వీల్ ఒకవేళ విడిపోతే బ్రేకులు వాటంతట అవే పట్టేలా ఒక సన్నని తీగ ఉంటుంది. దాన్ని హిచ్‌కు కాకుండా ట్రక్కుకే కట్టాలి, హిచ్చే ఊడివస్తే హిచ్‌కు కట్టిన తీగ దానితోపాటే పోతుంది.

నడపడం గురించి భయపడేవారికి చెప్పగలిగింది ఏమిటంటే, అది నెల రోజుల్లో వచ్చేస్తుంది. మలుపు తిరిగేటప్పుడు దీని చక్రాలు బంపర్‌కు తగిలించిన ట్రైలర్ కంటే ఎక్కువ లోపలికి కోసుకుపోతాయి కాబట్టి కూడలిలోకి ఇంకాస్త ముందుకు వెళ్లాకే స్టీరింగు తిప్పాలి. వెనక్కి తీసేటప్పుడు చేయి స్టీరింగు అడుగున పెట్టుకుంటే, చేయి ఎటు కదిలితే ట్రైలర్ తోక అటు పోతుంది. చిన్న తొట్టి ఉన్న ట్రక్కయితే మూలగా వెనక్కి వస్తున్నప్పుడు ట్రైలర్ ముక్కు క్యాబిన్ వెనక అద్దాన్ని తాకే ప్రమాదం ఉంది, వెనక్కి జరిగే హిచ్ కొనుక్కోక తప్పదు. ఎత్తు మాత్రం మరచిపోకూడదు. మాది ఏసీ పెట్టెతో కలిపి 13 అడుగుల 2 అంగుళాలు. ఆ అంకెను కాగితం మీద రాసి అద్దం దగ్గర అంటించాను. కార్ల కోసం చేసిన దారి చూపే యాప్‌లకు మన ఎత్తు తెలియదు.

బ్రేకుల సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. ట్రైలర్ బ్రేకులు ఎంత బలంగా పట్టాలో అంకెతో పెట్టుకునే కంట్రోలర్‌ను సర్దడానికి ఖాళీ రోడ్డు మీద గంటకు 20, 25 మైళ్ల వేగంలో చేతి మీటను పూర్తిగా నొక్కి, ట్రైలర్ చక్రాలు బిగుసుకుపోయే స్థాయికి కొంచెం కిందుగా పెట్టుకోవాలి. బ్రేకులు వేడెక్కాక, సామాను బరువు మారాక మళ్లీ చూసుకోవాలి. నాలుగో ఏడాది నాకు ఆ అంకెను నెలనెలా పెంచుకుంటూ పోవలసి వచ్చింది. తీగ కనెక్షన్లో లోపం ఉందనుకుని అది వెతుకుతూ వారం గడిపాను. చివరకు చక్రం ఊడదీసి డ్రమ్ము లాగితే లోపల బ్రేక్ షూలు, వాటిని పట్టించే అయస్కాంతం నల్లటి గ్రీజులో మునిగి ఉన్నాయి. తప్పు నాదే. ఇరుసు చివర ఉన్న రబ్బరు మూత తీసి గ్రీజు గన్‌తో కొడితే బేరింగులకు గ్రీజు అందే సౌకర్యం మా ట్రైలర్‌కు ఉంది. చక్రాన్ని నేల మీదనుంచి ఎత్తి, తిప్పుతూ, నెమ్మదిగా ఎక్కించాలని చెబుతారు. నేను చక్రం తిప్పకుండా, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా బలంగా కొట్టాను. లోపలి సీలు ఆ ఒత్తిడికి ఆగలేదు. గ్రీజు పీల్చుకున్న షూలను కడిగి వాడలేము, మార్చవలసిందే.

ఇప్పుడు ఆ గ్రీజు గన్ బేరింగుల వైపు వెళ్లదు. ఏడాదికోసారి లేదా 12,000 మైళ్లకోసారి, ఏది ముందయితే అది, హబ్బులన్నీ విప్పి, బేరింగులు కడిగి ఆరబెట్టి, అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని రోలర్ల మధ్యలోకి ఎక్కేదాకా అదిమి, కొత్త సీళ్లు వేసి బిగిస్తాను. నాలుగు చక్రాలకు ఒక రోజు పడుతుంది, నడుము కూడా పడుతుంది. రోలర్ల మీద నీలి మచ్చలు కనిపిస్తే వేడెక్కిందని అర్థం, దాన్ని మార్చేస్తాను. ప్రయాణంలో ఆగినప్పుడల్లా వేడిని కొలిచే చిన్న గన్‌ను ఒక్కొక్క హబ్బు వైపు పెట్టి చూస్తాను. ఇక్కడ చూడవలసింది అంకె కాదు, తేడా. మూడు చక్రాలు ఒక తీరుగా ఉండి నాలుగోది బాగా ఎక్కువ ఉంటే అది బేరింగో, అంటుకుపోతున్న బ్రేకో అయి ఉంటుంది. తక్కిన వాటి కంటే మరీ చల్లగా ఉంటే ఆ చక్రానికి బ్రేకే పడటం లేదని అనుమానించాలి. చక్రం ఊడదీసి బిగించిన ప్రతిసారీ 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి టార్క్ రెంచితో నట్లు మళ్లీ చూడాలి. కమాన్ కట్టలను పట్టుకునే షాకిళ్లలో కంపెనీ వేసిన ప్లాస్టిక్ బుష్‌లు మూడేళ్లకే అరిగి బోల్టులు కోసుకుపోవడం మొదలుపెట్టాయి. గ్రీజు ఎక్కించే వీలున్న కంచు బుష్‌లు వేయించుకున్నాను, ఈ బండికి చేసిన మార్పులన్నిటిలో డబ్బుకు తగిన ఫలం ఇచ్చింది అదే.

టైర్ల గురించి మూడు మాటలు చెప్పి ముగించవచ్చు: ఇవి ఎక్కువగా అరిగి పోవు, ముసలివై పోతాయి. పక్కగోడ మీది సంకేతంలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. రబ్బరు పట్టు ఎంత బాగున్నా ఐదారేళ్లకు మార్చాలి. ట్రైలర్ టైర్ల మీద వేరే వేగం రాసి లేకపోతే గంటకు 65 మైళ్లే వాటి హద్దు. మాకు ఒక టైరు పేలిన రోజున నాకు తెలియనే లేదు, పక్కకు వచ్చిన లారీ డ్రైవరు హారన్ మోగించి వేలితో చూపించాకే ఆపాను. రెండు ఇరుసుల బండి కావడంతో పక్క టైరు బరువు మోసుకుంటూ వచ్చేసింది, చిరిగిన రబ్బరు మాత్రం చక్రం పైనున్న రేకునూ దాని వెనకున్న నీటి గొట్టాన్నీ చీల్చేసింది. ఆ పక్క టైరు కూడా అంత దూరం రెట్టింపు బరువు మోసింది కాబట్టి దాన్ని కూడా మార్చేశాను. గాలి ఒత్తిడిని, వేడిని ట్రక్కులోని తెర మీద చూపించే సెన్సర్లు ఆ మరుసటి వారమే కొన్నాను. అవి మొదటి రోజే కొనవలసినవి.

రోడ్డు కంటే ఈ బండిని ఎక్కువగా చంపేది నీరు. పైకప్పు రబ్బరు పొర మీద గొట్టాలు, వెలుతురు కోసం పెట్టిన అద్దాలు, యాంటెనాలు పొడుచుకు వచ్చిన ప్రతిచోటా సీలెంట్ ఉంటుంది, ఎండకు అది గట్టిపడి పగులుతుంది. ఐదో ఏడాది పడకగది మూలలో గోడ మీద బొటనవేలితో నొక్కితే అట్టపెట్టెలా లోపలికి పోయింది. ఆ మూలకు సూటిగా పైన ఏ పగులూ లేదు. ఆరడుగుల అవతల, స్నానాలగది మీది అద్దం చుట్టూ వెంట్రుకంత గీత ఒకటి కనిపించింది. నీరు అక్కడ దిగి, దూలం వెంట పాకి, పల్లంగా ఉన్న మూల చూసుకుని ఆగింది. ఇప్పుడు మూడు నెలలకోసారి మోకాళ్ల మీద పైకప్పంతా తిరిగి, అనుమానం ఉన్న ప్రతి గీత మీదా దానంతట అదే పరుచుకునే సీలెంట్ పోస్తాను. రబ్బరు కప్పును పెట్రోలియం కలిసిన వేటితోనూ కడగకూడదు, ఉబ్బి ఊడివస్తుంది. ఆగినప్పుడు గదిని వెడల్పు చేయడానికి బయటికి జరిపే స్లైడ్ఔట్‌లను లోపలికి లాగేముందు వాటి నెత్తిన ఆకులు, పుల్లలు ఉంటే ఊడ్చేయాలి, లేకపోతే రబ్బరు అంచు కింద ఇరుక్కుని నీటికి దారి ఇస్తాయి. మరుగుదొడ్డి ట్యాంకు మూత మాత్రం నిండేదాకా మూసే ఉంచాలి. తెరిచి వదిలేస్తే నీరంతా పోయి గట్టిది అడుగున గడ్డ కడుతుంది, అంతకంటే వివరంగా రాయడం బాగుండదు.

మళ్లీ కొనవలసి వస్తే ఇదే తరహా కొంటాను, కాకపోతే రెండడుగులు పొట్టిది, డిస్కు బ్రేకులు ఉన్నది. తొట్టిలో సామాను వేసుకోవాలనుకునేవారికి, వారాంతానికి మాత్రమే బయలుదేరేవారికి ఇది తగదు, హిచ్ తొట్టిలో సగం తినేస్తుంది. పాతది కొనబోయేవారు ముందు లోపలి వంటగదిని చూడకండి. నిచ్చెన వేసుకుని పైకప్పు ఎక్కండి, తరువాత టైరు మీది నాలుగు అంకెలు చదవండి, ఆపైన ప్రతి మూలా, ప్రతి స్లైడ్ఔట్ అంచు దగ్గర గోడనూ నేలనూ బొటనవేలితో నొక్కుతూ బండి చుట్టూ ఒకసారి తిరగండి.