కలక నీళ్లకు పటికా, మునగ గింజా, చిల్లగింజా: ఏది మేలు?

గోదారికి ఎర్రనీరు తగిలిన దగ్గర్నుంచి ఇదే ప్రశ్న. "పటిక మంచిది కాదంటున్నారు, మునగ గింజలు వాడొచ్చా?" దాని వెనకే ఇంకొకటి: "మా అమ్మమ్మ చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేది, అన్నిటికన్నా అదే మంచిదటగా?" నీళ్లు తేర్చడం వరకూ మూడూ చేస్తాయి. తేరాక ఆ నీళ్లలో ఏం మిగిలింది, మర్నాటికి అది ఏమవుతుంది అని అడిగి చూడండి, ఎంపిక సగం అక్కడే తేలిపోతుంది.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. తేటనీళ్లన్నీ మంచినీళ్లు కావు. మడ్డితో పాటు సూక్ష్మజీవుల్లో చాలా భాగం అడుక్కి దిగుతాయి కానీ అన్నీ దిగవు. మూడింటిలో ఏది వాడినా ఆ తర్వాత కాచడమో, క్లోరిన్ వేయడమో తప్పదు. ఎండలో పెట్టి శుద్ధి చేసే పద్ధతికైనా కలక 30 ఎన్‌టీయూ (నీళ్ల కలకను కొలిచే ప్రమాణం) లోపు ఉండాలి. రెండు లీటర్ల తెల్ల సీసా నింపి, పేపర్‌లో పెద్దక్షరాల శీర్షిక మీద నిలబెట్టి, మూతి లోంచి కిందికి చూడండి. అక్షరాలు చదవగలిగితే ఆ లోపు ఉన్నట్టు.

పటిక

బిందెలో పటికగడ్డ నాలుగుసార్లు తిప్పి తీసేయడం మనకు అలవాటు. ఎంత కరిగిందో ఎవరికీ తెలియదు. దీన్ని కొలతలోకి తెచ్చుకోవడం చాలా తేలిక. 10 గ్రాముల పటిక పొడి లీటరు నీళ్లలో కరిగించండి. ఇప్పుడు ఒక్కో మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాముల పటిక ఉంది. 20 లీటర్ల బకెట్‌లో 100 మి.లీ. పోస్తే లీటరుకు 50 మి.గ్రా. పడినట్టు.

మన నీళ్లకు ఎంత కావాలో కాగితం మీద లెక్క కట్టలేం, చేసి చూడాల్సిందే. ఐదు సీసాల్లో లీటరు చొప్పున అదే నీళ్లు నింపి 2, 4, 6, 8, 10 మి.లీ. చొప్పున ద్రావణం పోయండి. ఒక్క నిమిషం గట్టిగా, ఆ తర్వాత పదీ పదిహేను నిమిషాలు మెల్లగా, నిమిషానికి ఇరవై చుట్లకు మించకుండా కలపండి. గంటసేపు కదపకుండా వదిలేయండి. ఏ సీసా తేటగా ఉందో, అందులోనూ తక్కువ పడినది ఏదో అదే మీ మోతాదు. వానపడి వాగు రంగు మారిందంటే ఈ పరీక్ష మళ్లీ చేయాలి. ఎక్కువమంది ఎగ్గొట్టేది ఆ మెల్లగా కలిపే పదిహేను నిమిషాలే. మట్టి రేణువులు ఒకదానికొకటి తగిలి దూదిపింజల్లా పెరిగేది అప్పుడే. అది లేకపోతే పటిక ఎంత పోసినా నీళ్లు పాలచారల్లా ఉండిపోతాయి. ఆ దశలో గట్టిగా గిలక్కొడితే కట్టిన పింజలు కూడా విడిపోతాయి.

ఇంకో చిక్కు: బజారులో దొరికే పటికా, నీటిశుద్ధి కేంద్రంలో వాడేదీ ఒకటి కాదు. మనకు దొరికేది పొటాష్ పటిక, కేంద్రాల్లో వాడేది అల్యూమినియం సల్ఫేట్. మొదటిదాంట్లో అల్యూమినియం తక్కువ కాబట్టి, కేంద్రాల లెక్క చూసి ఇంట్లో వేసుకునేవాళ్లు దాదాపు ఒకటిన్నర రెట్లు వేసుకోవాలి.

అసలు ఇబ్బంది వచ్చేది క్షారత్వం, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, తక్కువున్న నీళ్లతో. శుద్ధి కేంద్రం పటిక ప్రతి మిల్లీగ్రాముకూ అర మిల్లీగ్రాము దాకా క్షారత్వాన్ని, కాల్షియం కార్బొనేట్ లెక్కన, తినేస్తుంది. ఇంటి పటిక మూడో వంతు తింటుంది. గోదావరి, కృష్ణ నీళ్లలో మామూలు రోజుల్లో క్షారత్వానికి కొదవ ఉండదు. పట్టి ఉంచుకున్న వాన నీళ్లలో, ఏజెన్సీ గెడ్డ (కొండవాగు) నీళ్లలో అది చాలా తక్కువ. అక్కడ పటిక వేస్తే నీళ్ల ఆమ్లగుణం చెప్పే పీహెచ్ 6 కన్నా కిందికి జారుతుంది, పింజలు కట్టవు, అల్యూమినియం నీళ్లలోనే కరిగి ఉండిపోతుంది. తేరలేదని ఇంకొంచెం వేస్తారు, ఇంకా చెడుతుంది. మందు సున్నమే. 20 లీటర్లకు పావు గ్రాము నుంచి అర గ్రాము పొడి సున్నం ముందు కలిపి, ఆ తర్వాత పటిక వేసి, పీహెచ్ కాగితం 6.5కీ 7.5కీ మధ్య చూపిస్తోందో లేదో చూసుకోండి.

మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అల్యూమినియం లీటరుకు 0.03 మి.గ్రా. లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 0.2 వరకూ ఒప్పుకుంటుంది. సరైన మోతాదులో, సరైన పీహెచ్‌లో పటిక మామూలుగా ఆ 0.2 గీత దాటదు. అల్జీమర్స్ వస్తుందన్న భయానికి ఇప్పటిదాకా రుజువు లేదు. పటిక మీద వచ్చే నిందల్లో ఎక్కువ భాగం కొలత లేని పటికవి.

పటికకు ఉన్న పెద్ద బలం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. తేరిన నీళ్లలో అది సూక్ష్మజీవులకు తిండి ఏమీ కలపదు. పైగా క్లోరిన్ వేస్తే ఆ క్లోరిన్ నిలుస్తుంది. ట్యాంకులో రెండు మూడు రోజులు ఉంచుకునే నీళ్లకు పటికను కాదనడానికి కారణం కనిపించదు.

మునగ గింజ

సూడాన్‌లో నైలు నది ఒడ్డు పల్లెల్లో ఆడవాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్న పని ఇది. 1970ల నుంచి సామియా అల్ అజారియా యాన్ అనే శాస్త్రవేత్త దాన్ని పరిశోధనలోకి తెచ్చారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు మలావీ దేశం త్యోలోలో ఏకంగా నీటిశుద్ధి కేంద్రంలోనే పెట్టి చూశారు. 300 ఎన్‌టీయూ దాపుల్లో ఉన్న కలక, ఇసుక వడపోత కూడా అయ్యాక 5 లోపుకు వచ్చింది. పనిచేస్తుందా అన్న అనుమానం ఇక అక్కర్లేదు.

గింజలో పనిచేసేది చిన్న చిన్న ప్రోటీన్లు. వాటి మీద ధనావేశం ఉంటుంది, మట్టి రేణువుల మీద రుణావేశం. రెండూ పట్టుకుని బరువెక్కి దిగిపోతాయి. క్షారత్వాన్ని తినదు, పీహెచ్ కదలదు. పటిక చేతులెత్తేసే మెత్తటి వాన నీళ్లలోనూ, గెడ్డ నీళ్లలోనూ వర్షాకాలపు బురద ఉంటే ఇది హాయిగా పనిచేస్తుంది.

కూరకు కోసే కాయ పనికిరాదు. చెట్టు మీదే ఎండి, గోధుమరంగు తిరిగి, పగలడానికి సిద్ధంగా ఉన్న కాయ కావాలి. లోపలి గింజ ఒక్కోదానికి మూడు కాగితపు రెక్కలు ఉంటాయి. రెక్కలూ పెంకూ తీసేస్తే పాలరంగు పప్పు వస్తుంది, సుమారు 0.2 గ్రాములు తూగుతుంది. నల్లబడ్డవి, మెత్తబడ్డవి పారేయండి.

మోతాదు కలకను బట్టి మారుతుంది. 50 ఎన్‌టీయూ లోపైతే నాలుగు లీటర్లకు ఒక గింజ, 50 నుంచి 150 వరకూ రెండు లీటర్లకు ఒకటి, 150 నుంచి 250 వరకూ లీటరుకు ఒకటి, అంతకు మించితే లీటరుకు రెండు. కొద్దిపాటి కలకకు ఇది అంత బాగా పనిచేయదు, బాగా బురదగా ఉన్నప్పుడే దీని ప్రతాపం.

20 లీటర్ల ఎర్రనీళ్లకు 20 పప్పులు, అంటే 4 గ్రాములు, రోట్లో మెత్తగా నూరి జల్లించండి. కాసిని తేట నీళ్లతో ముద్ద చేసి, 200 మి.లీ. నీళ్లున్న సీసాలో వేసి ఐదు నిమిషాలు గిలక్కొట్టండి. అందులో అర చెంచా, మూడు గ్రాములకు మించకుండా, ఉప్పు వేస్తే ప్రోటీన్ ఎక్కువ దిగుతుంది. పలచటి గుడ్డతో వడకట్టి బకెట్‌లో పోయండి. వడకట్టకుండా పిప్పి పోసేశారంటే ఆ పిప్పే కొత్త కలక. ఒక నిమిషం గట్టిగా, పది నిమిషాలు మెల్లగా కలిపి, మూతపెట్టి రెండు గంటలు వదిలేయండి. బకెట్‌కు అడుగు నుంచి ఐదు సెంటీమీటర్ల ఎత్తున కుళాయి ఉంటే వంచే బాధ లేదు. వంచేటప్పుడే సగం మడ్డి లేచిపోతుంది.

పొడి ఏ రోజుది ఆ రోజే. నూరిపెట్టిన పొడి, తీసిపెట్టిన రసం రోజురోజుకూ పస తగ్గుతాయి. గింజగా, పెంకుతో ఉంచితేనే నిలవ. మోతాదు మించినా చెడుతుంది. ధనావేశం ఎక్కువై రేణువులు మళ్లీ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, తేరిన నీళ్లు తిరిగి మసకబారతాయి.

ఇక అసలు సంగతి. గింజలో మూడో వంతు పైగా నూనె, మిగతాది పిండిపదార్థం, రకరకాల ప్రోటీన్లు. మట్టిని పట్టుకునేది వాటిలో కొద్ది భాగమే. మిగిలినదంతా తేటనీళ్లలో కరిగి ఉంటుంది, కంటికి కనపడదు. చావని సూక్ష్మజీవులకు అది విందు. ఉదయం తేర్చిన నీళ్లు మర్నాటికి కుళ్లు వాసన కొట్టేది అందుకే. 24 గంటలు దాటిన మునగ నీళ్లు తాగొద్దు. క్లోరిన్ వేసినా ఈ మిగులే ముందు దాన్ని తినేస్తుంది. అరగంట తర్వాత లీటరుకు 0.2 మి.గ్రా. క్లోరిన్ మిగలాలంటే మామూలు కన్నా చాలా ఎక్కువ వేయాలి, అప్పుడు ట్రైహాలోమీథేన్ల వంటి హానికర రసాయనాలు తయారవుతాయి. కాబట్టి మునగతో తేర్చిన నీళ్లను కాచుకోండి, క్లోరిన్ జోలికి పోకండి.

ఈ చిక్కును తప్పించే దారులు పరిశోధనలో రెండున్నాయి. ఒకటి, గానుగలో నూనె తీసేశాక మిగిలే గింజల పిండి వాడటం. నూనె పోతుంది, ప్రోటీన్ చిక్కబడి మోతాదు తగ్గుతుంది, కరిగే మిగులు మాత్రం కొంత ఉండనే ఉంటుంది. రెండోది ఇంకా తెలివైనది. 2012లో అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గింజల రసంలో ఇసుకను కలిపి చూపించారు. ఇసుక మీద రుణావేశం ఉంటుంది కాబట్టి పనికొచ్చే ప్రోటీన్ దానికి అంటుకుంటుంది. మిగతాదంతా కడిగి పారేసి, ఆ ఇసుకతోనే నీళ్లను శుద్ధి చేయొచ్చు. తిండి మిగలదు, వాసన రాదు. మునగ మీద ఆశ పెట్టుకోవాల్సింది ఇక్కడ.

పట్టణాలకు మునగ ఎందుకు వాడరని అడిగేవాళ్లకు చిన్న లెక్క. పది లక్షల లీటర్లకు లీటరుకు 100 మి.గ్రా. చొప్పున రోజుకు 100 కిలోల పప్పు కావాలి. పెంకు తీసినది, అదీ రోజూ తాజాగా. పటికైతే లీటరుకు 40 మి.గ్రా. అనుకుంటే 40 కిలోలు.

చిల్లగింజ

ఇండుప గింజ అన్నా ఇదే, సంస్కృతంలో కతకం. గట్టి గింజ, రోట్లో నలగదు. గంధం తీసినట్టు సాన మీద అరగదీయాలి, లేదా మట్టికుండ లోపలి గోడకు రుద్ది నీళ్లు పోయాలి. ఇది మునగలా రేణువుల విద్యుదావేశాన్ని చల్లార్చదు. దీని పొడవాటి అణువులు రేణువుల మధ్య వంతెన కడతాయి. అందుకని ఒంటరిగా కన్నా పటికకు తోడుగా బాగుంటుంది. పటిక మోతాదు కాస్త తగ్గించి, మెల్లగా కలిపే దశ మొదలవగానే చిల్లగంధం కలిపితే పింజలు పెద్దవై త్వరగా దిగుతాయి. మొదట్లోనే వేసి గట్టిగా కలిపితే వంతెనలు తెగుతాయి, లాభం లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం ప్రాణం మీదిది. చిల్ల, ముష్టి ఒకే ప్రజాతి చెట్లు. ముష్టి గింజలో స్ట్రిక్నిన్ ఉంటుంది, విషం. ముష్టి గింజ బొత్తాంలా చదునుగా, సుమారు రెండు సెంటీమీటర్ల వెడల్పుతో, బూడిదరంగులో పట్టులాంటి నూగుతో ఉంటుంది. చిల్లగింజ చిన్నది, సెంటీమీటరుకు అటూఇటూగా, గుండ్రంగా, లేత పసుపు తెలుపులో ఉంటుంది. పొడి రూపంలో అమ్మేది ఏదైనా కొనకండి, గింజను కంటితో చూసే తీసుకోండి.

చింతగింజల పొడి, నాగజెముడు జిగురు పరిశోధనల్లో కనిపిస్తాయి, ఇంట్లో పెట్టుకునేంత వ్యవహారం కాదు. తులసాకులు నీళ్లు తేర్చవు.

ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ల నుంచి కూడా మునగ గురించి అడుగుతున్నారు. ఫ్లోరైడ్ కలక కాదు, కరిగి ఉండేది. దానికి గింజలను నమ్ముకోవద్దు. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన) సంస్థ ఫ్లోరైడ్ తీయడానికి రూపొందించిన నల్గొండ పద్ధతిలో ఉన్నది పటికే. లీటరుకు వందల మిల్లీగ్రాముల పటిక, అందులో ఇరవయ్యో వంతు సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, పది నిమిషాలు తిప్పి గంట ఆపుతారు. అంత పటిక వాడితే మిగిలే అల్యూమినియం, సల్ఫేట్‌ల మీద ఓ కన్నేసి ఉంచాలి.

అడుగున మిగిలిన మడ్డి సంగతి. పటిక మడ్డి మొక్కల మొదట్లో పోయొద్దు. అందులోని అల్యూమినియం నేలలో భాస్వరాన్ని పట్టేస్తుంది, మొక్కకు అందనివ్వదు. బావికీ చెరువుకూ దూరంగా గోతిలో పోయండి. మునగ మడ్డి ఒండ్రూ పిప్పే, ఏ పాదులోనైనా అదే రోజు పోసేయొచ్చు. పక్కన పెడితే కుళ్లుతుంది.

కాబట్టి కాచుకుని ఆ రోజే తాగేసే ఇంటికి, అందునా గెడ్డ నీళ్లో వాన నీళ్లో వాడే ఇంటికి, ఓటు మునగకే. రోజుకు 20 లీటర్ల చొప్పున నెలకు 600 గింజలు పడతాయి. కాయకు పదిహేను లెక్కేసుకుంటే నలభై కాయలు. వేసవిలో ఆ నలభై కాయలు కోయకుండా చెట్టుకే వదిలేసి, ఎండి పగలబోయే ముందు తెంపి, గింజలు పెంకుతోనే సీసాలో పోసి మూత బిగించండి. తొలకరి తడి తగలనివ్వకండి, బూజు పట్టిన గింజ దేనికీ కొరగాదు.